ఎడమ చేతి జీపు

జీపు జనగామకు పోయి ఇరవై రెండు రోజులైంది. ఆ ఇరవై రెండు రోజులూ కళావతి ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంది. పాలు పొయ్యి మీద పెట్టి వాకిట్లోకి వస్తుంది, ఎందుకొచ్చిందో మరిచిపోతుంది, లోపల పాలు పొంగి పొయ్యి ఆరిపోతుంది. బియ్యం ఏరుతూ ఏరుతూ లేచి, వీధి చివరిదాకా చూసి వస్తుంది. ఆమె మొగుడు జగపతిది ఇంకో రకం తిరుగుడు. పొద్దున లేస్తే ఇంటి నుంచి దుకాణానికి, దుకాణం నుంచి స్టేషనుకు, స్టేషను నుంచి మళ్ళీ ఇంటికి, ఎడమకాలు కొద్దిగా ఈడుస్తూ. ఎదురుపడ్డ ప్రతివాడూ "బండి వచ్చిందా సేటూ" అని అడిగేవాడు. ఊరికి వేరే పనేముంది?

ఆ ఊరు మహబూబాబాదు. అక్కడివాళ్ళు మానుకోట అంటారు. మానుకోట కోమటి ఇళ్ళల్లో మగవాడి పని కూర్చోవడం. గద్దె మీద మఠం వేసుకుని కూర్చుంటే సరుకు దానంతటదే వస్తుంది, దానంతటదే పోతుంది. జగపతికి ఆ విద్య ఎన్నడూ అబ్బలేదు. కూర్చుంటే తొడలు తిమ్మిరెక్కుతాయి అనేవాడు. అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవల్లో రైళ్ళూ బస్సులూ ఆగిపోయి, అడవి అంచు తండాలకు ఉప్పూ కిరసనాయిలూ అందనప్పుడు, ఆయన ఎక్కడో వేలంలో ఒక పాత మిలిటరీ జీపు పాడుకొచ్చాడు. యుద్ధం నాటి అమెరికా జీపు. స్టీరింగు ఎడమపక్కన ఉంటుంది. చూసినవాళ్ళంతా నవ్వారు. తర్వాత ఆ నవ్వినవాళ్ళ నూనె డబ్బాలు కూడా అందులోనే గూడూరు అంగడికి పోయాయి. అప్పటి నుంచి పదిహేడేళ్ళు తమ్ముడు రాజేశం గద్దె మీద, అన్న రోడ్డు మీద. ఉప్పూ బెల్లమూ బట్టా తండాలకు తీసుకుపోవడం, మిరపకాయలూ పెసలూ ఇప్పపువ్వూ తీసుకురావడం. కళావతి ఆయన్ని ఇంట్లో పట్టపగలు చూసిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

పోయిన కార్తీకంలో పక్షవాతం వచ్చింది. ఎడమపక్క చేయీ కాలూ పడిపోయాయి. వరంగల్లులో మందులు వాడి, మర్దనాలు చేయించి, మూడు నెలలకు లేచాడు. కాలు తొందరగానే దారికొచ్చింది, క్లచ్చు తొక్కగలిగాడు. చేతిలో మాత్రం పట్టు లేదు. మాఘమాసంలో, వద్దన్నా వినకుండా జీపెక్కాడు. మొదటి రోజే గేటుకు ఎడమ స్తంభం గీరుకుంది. రెండో వారం పొరుగింటివాళ్ళు ఎండబోసిన మిరపకాయల మీద నుంచి పోనిచ్చాడు. ఆ తర్వాత ఎడమ మడ్‌గార్డు సొట్టపడి వచ్చింది.

"బండి ఎడమకు గుంజుతున్నది" అన్నాడు జగపతి.

అందరూ నమ్మారు. నమ్మడానికి కారణమూ ఉంది. ఎడమ చేతి జీపులో గేరు కుడిచేత్తో మార్చాలి. కుడిచేయి గేరు మీదికి పోగానే బరువైన స్టీరింగు మొత్తం ఎడమచేతి మీద పడుతుంది. ఆ ఎడమచేతిలోనేమో సత్తువ లేదు. ఇక బండి ఎడమకు పోక ఎటు పోతుంది? లెక్క అంత చక్కగా కుదిరాక ఎవరు మాత్రం అనుమానపడతారు?

మందు కనిపెట్టింది కళావతే. ఆమె అక్క కొడుకు గోపాల్ భూపాలపల్లిలో కొత్తగా మొదలైన బొగ్గు పనుల దగ్గర ఒక కంట్రాక్టరు కింద స్టోరు చూసుకునేవాడు. అక్కడ బొగ్గు ఎత్తే పెద్ద లోడరు చక్రాలు మనిషంత ఎత్తుంటాయనీ, అయినా స్టీరింగు రెండు వేళ్ళతో తిరుగుతుందనీ, లోపల నూనె తోస్తుందనీ ఒకసారి వచ్చినప్పుడు చెప్పాడు. కళావతి చపాతీ ఒత్తుతూ విని, "గది మన జీపుకు పెట్టరాదా?" అంది. జగపతి పెళ్ళాం వంక చూసిన చూపు, పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో ఎన్నడూ చూడనిది. వారం తిరక్కముందే గోపాల్ పుణ్యమా అని, మూలపడ్డ ఒక లోడరు నుంచి పంపూ గొట్టాలూ నూనె డబ్బా గోనెసంచిలో దిగాయి. పాత జీపుల పనికి జనగామ ఉప్పలయ్యను మించినవాడు లేడని అంతా అన్నారు. బండిని లారీకి కట్టి పంపారు.

పది రోజుల్లో అయిపోతుందన్న పని సాగుతూనే ఉంది. పద్నాలుగో రోజున కార్డు వచ్చింది. గొట్టాలు బిగించి స్టీరింగు కుడికి తిప్పితే చక్రాలు ఎడమకు తిరిగాయట. ఉప్పలయ్య అన్ని బండ్లకూ కుడిచేతి లెక్కన పని చేసిన మనిషి. ఎడమ చేతి జీపుకు అన్నీ తారుమారు అని బిగించేటప్పుడు తోచలేదు. మళ్ళీ విప్పుతున్నానని రాశాడు. ఆ కార్డు పట్టుకుని జగపతి బజారంతా తిరిగాడు.

"చూసిన్రా? ఎడమకు పోవుడు దాని గుణమే. నాది గాదు" అని ప్రతి గద్దె దగ్గరా ఆగి చెప్పాడు.

ఇరవై రెండో రోజు మధ్యాహ్నం భోజనం దగ్గర జరిగిందది. కళావతి కంచంలో నడుమ అన్నం, కుడిపక్క పప్పు, ఎడమపక్క దొండకాయ వేపుడూ మామిడికాయ తొక్కూ వేసింది. జగపతి గబగబా తిన్నాడు. ఈ మధ్య ఆయన తిండి తగ్గిపోయింది, రోజూ సగం వదిలేస్తున్నాడు. బండి బెంగ అనుకుంది కళావతి. తిని, చేయి ఆపి అడిగాడు.

"దొండకాయ వేపుడు చేస్తనంటివి. ఏదీ?"

వెక్కిరిస్తున్నాడనుకుంది. కంచంలోకి చూసింది. కుడి సగం తుడిచినట్టు ఉంది. ఎడమ సగంలో అన్నం, వేపుడు, తొక్కు ఎక్కడివక్కడే ఉన్నాయి. నడుమ అన్నం గోడలాగా నిలువుగా నిలబడి ఉంది. కంచాన్ని ఎడమ సగం కుడికి వచ్చేట్టు తిప్పి పెట్టింది.

"ఆఁ, ఇప్పుడేసినవా" అని జగపతి వేపుడు కలుపుకుని తినడం మొదలుపెట్టాడు.

కళావతికి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. గేటు స్తంభం ఎడమది. మిరపకాయలు ఎడమపక్కవి. మడ్‌గార్డు ఎడమది. ఆయన కంట్లో దోషం లేదు, పొద్దున్నే పేపరు చదువుతున్నాడు, సూదిలో దారం కూడా ఎక్కించగలడు. కన్ను చూస్తోంది, మనిషికే ఆ పక్క ఒకటుందన్న సోయి లేదు. బండి ఎడమకు గుంజలేదు, ఎన్నడూ గుంజలేదు. మనిషికొచ్చిన రోగానికి బండికి మందు పెట్టిస్తున్నాం అనుకుంది. ఆ ఉపాయం చెప్పింది తనే అని కూడా గుర్తొచ్చింది.

దాచుకునే మనిషి కాదు. అప్పుడే చెప్పేసింది.

"మీకు ఎడమదిక్కు సోయి ఉంటలేదు. బండిది కాదు తప్పు."

జగపతి నవ్వాడు. మెడ ఎడమకు తిప్పి వేలు పెట్టి చూపించాడు. "గదిగో తలుపు. గదిగో గూడు. గూట్లె దీపం బుడ్డి. అన్ని కనవడ్తున్నయి. ఇంకేం జెప్పాలె?"

నిజమే, చెబితే అటు తిరుగుతాడు, తిరిగితే కనిపిస్తుంది. ఎవరూ చెప్పనప్పుడే ఆ సగం లోకం మాయమవుతుంది. మాయమైందని ఆయనకు ఎట్లా తెలియాలి? కళావతి కంచం సంగతి చెప్పబోయింది. ఈసారి ఆయన నవ్వలేదు.

"రాజేశం అంటే సరే. నువ్వు గూడ నన్ను గద్దె మీద కూసోవెడ్తవా?" అని చేయి కడుక్కుని బయటికి పోయాడు.

సాయంత్రం టపాలో అనుకోకుండా మరో కార్డు వచ్చింది, పని అయిపోయింది రమ్మని. తెల్లవారి మొదటి రైలుకే బయల్దేరుదామన్నాడు జగపతి. తోడుగా రెడ్యా వచ్చాడు. రెడ్యాది గూడూరు అవతలి తండా. పదిహేనేళ్ళుగా జగపతి పక్కన జీపులో కూర్చుని అంగళ్ళు తిరుగుతున్న మనిషి. మూటలెత్తేదీ అతనే, తండాలో ఎవరింట్లో ఏ సరుకుందో చెప్పేదీ అతనే. కాజీపేటలో రైలు మారాలి. జగపతి చాయ్ తాగడానికి పోయినప్పుడు కళావతి రెడ్యాను నిలదీసింది.

"రెడ్యా, సేటుకు ఎడమదిక్కు సోయి లేదు. నీకు ఎరుకేనా?"

రెడ్యా తలగుడ్డ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. చాలాసేపు దాని మడతలు సరిచేశాడు.

"ఎరుకే సేటమ్మా. మాఘంలనే ఎరుకైంది."

"మరి చెప్పవైతివి?"

"చెప్తే ఏమైతది? దుకాణంల కూసుండవెడ్తరు. కూసుంటే సేటు బతుకడు. నేను పక్కకున్న గదా, జర కుడికి సేటూ, జర కుడికి అనుకుంట వస్తున్న. చెవులు మంచిగనే ఉన్నయి గదా ఆయనకు."

"ఎన్నడన్న నువ్వు చెప్పుడు ఆలస్యమైందా?"

ప్లాట్‌ఫారం పక్క నుంచి గూడ్సు బండి ఒకటి సాగిసాగి పోయింది. అది పోయేదాకా ఆగి, రెడ్యా గొంతు తగ్గించి చెప్పాడు.

"ఒక్కపారి. గూడూరు తొవ్వల. మూట జారుతున్నదని ఎనుకకు తిరిగిన. మళ్ళ ముంగటికి చూసేసరికి మా వదిన చాందీ తొవ్వ పక్క మోరీల పడి ఉన్నది. కట్టెల మోపు చక్రం కింద. దునికింది కాబట్టి బతికింది. సప్పుడేందిరా అన్నడు సేటు. కట్టెలు సేటూ అన్న. కట్టెలే గదా మరి."

రెడ్యా తలగుడ్డ చుట్టుకుంటూ ఇంకో మాట అన్నాడు.

"అప్పుడు స్టీరింగు బరువు, మెల్లగ పోయేది. ఇప్పుడు అల్కగ తిరుగుతదంట. జోరుగ పోతడు సేటమ్మా."

జనగామ చేరేదాకా కళావతి కిటికీ ఊచలు పట్టుకుని కూర్చుంది. కూర్చుందన్న మాటే గానీ కాళ్ళు నిలవలేదు. ఎదురుసీటులో జగపతి మొహం పిల్లవాడి మొహంలా వెలిగిపోతోంది. ఈ మనిషి దగ్గర నుంచి ఆ జీపు లాక్కుంటే మిగిలేది ఏమిటి? లాక్కోకపోతే ఏ తండా ముసలమ్మో, ఏ మేకల కాపరో. రెండూ చూస్తూ చూస్తూ తన వల్ల కాదనిపించింది. ఎవరైనా వచ్చి ఈ బండిని దొంగిలిస్తే బాగుండునని కూడా అనుకుంది, సిగ్గులేకుండా.

ఉప్పలయ్య షెడ్డు స్టేషనుకు దగ్గర్లోనే. మనిషి పొట్టి, కళ్ళద్దాలు దారంతో చెవికి కట్టుకుంటాడు, నోరు ఊరుకోదు. జీపు బానెట్టు ఎత్తి, పెళ్ళికూతుర్ని చూపించినట్టు చూపించాడు. ఇంజను పక్కన కొత్తగా అతికించిన ఇనుప చట్రం, దాని మీద పంపు, పంపును తిప్పే బెల్టు, పక్కన నూనె డబ్బా, అక్కడి నుంచి కిందికి రెండు గొట్టాలు. ఆ గొట్టాల్లో నూనె, స్టీరింగు ఎటు తిప్పితే చక్రాలను అటే తోస్తుందన్నాడు.

"సేటూ, రెండు వేళ్ళే చాలు. మూడోది పెడితే నా మీద ఒట్టు."

జగపతి జీపు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, గొట్టాలు తాకి, బెల్టు తాకి, మాట రాక ఉప్పలయ్య భుజం మీద చెయ్యేసి నిలబడ్డాడు. ఆయన మొహం కడుక్కోవడానికి వెనకకు పోగానే కళావతి ఉప్పలయ్యను పక్కకు పిలిచి మూడు ముక్కల్లో సంగతి చెప్పింది. కుదరలేదని చెప్పమంది. పంపు పనికిరాదనో, జీపు మరి నడవదనో ఏదో ఒకటి చెప్పమని బతిమాలింది.

ఉప్పలయ్య కళ్ళద్దాలు తీసి తుడిచాడు, అవి తుడిస్తే ఇంకా మురికైనాయి.

"అక్కా, ఇరవై మూడు దినాలు దీని కింద పండుకున్న. ఒకపారి ఉల్టా బిగిచ్చి పరువు తీసుకున్న. ఇప్పుడు పని కాలేదని నా నోటితోని అనిపియ్యకు. అన్నా ఏమైతది? ఇంకో మేస్త్రి దగ్గరికి పోతడు."

"మరి ఎట్లనన్నా?"

"బండి రోగమైనా అంతే, నోటితోని చెప్తే ఓనరు నమ్మడు. నడిపిచ్చి చూపియ్యాలె" అని ఆయన మళ్ళీ పనిముట్లు సర్దుకోవడంలో పడ్డాడు.

ఆ మాట కళావతి చెవిలో గిర్రున తిరిగింది.

స్టేషను వెనక ఖాళీ జాగా ఉంది. ఎద్దుల బండ్లు వడ్లు దింపే కాలంలో నిండుతుంది, ఇప్పుడు ఎండకు ఎండి పగుళ్ళిచ్చి ఉంది. జగపతి జీపెక్కి స్టార్టు చేసి, ఎడమ చేయి ఒక్కటే స్టీరింగు మీద పెట్టి తిప్పాడు. పక్షవాతం వచ్చిన ఆ చేయి, గ్లాసెడు నీళ్ళు మోయలేని చేయి, అంత జీపునూ గుండ్రంగా తిప్పేసింది. పక్కసీటులో రెడ్యా నోరు తెరిచాడు. జగపతి మరో చుట్టు తిప్పాడు, ఇంకో చుట్టు, ఎనిమిది అంకె వేశాడు. ఇంజను చప్పుడులో ఆయన పెద్దగా నవ్వుతున్నాడు. కార్తీకం తర్వాత ఆ నవ్వు వినడం కళావతికి అదే మొదలు. ఆమెకు ఏడుపొచ్చింది. ఇంతకంటే మంచి పని తను జన్మలో చేయలేదు, ఇంతకంటే తప్పు పనీ చేయలేదు.

జీపు ఆగినప్పుడు కుడిపక్క నుంచి పోయి రెడ్యా చెవిలో చెప్పింది. "చేతిబ్రేకు పిడి మీద చెయ్యి పెట్టుకొని ఉండు. నేను చెయ్యెత్తితె గుంజు. అప్పటిదాంక నోరు తెరువకు. జర కుడికి అనకు."

రెడ్యాకు అర్థమైంది. మొహం నల్లబడింది. "వద్దు సేటమ్మా" అన్నాడు.

"నువ్వు మోయలేవు ఇగ. ఎన్నేండ్లని మోస్తవు?"

జగపతికి వినపడేట్టు, "మెల్లగ ఒకటో గేరుల నేరుగ పోనియ్యండ్రి, నేను ముంగట నిలబడి చూస్త" అంది. ఆయన ఉత్సాహంగా తల ఊపి, వెనక్కి తీసుకుపోయి మలుపుకున్నాడు. అంతలో కళావతి ఆ ఖాళీ జాగా మధ్యకు నడిచిపోయింది. జీపు వచ్చే దారిలో, కానీ ఆయనకు ఎడమచేతి వైపున, ఎడమ చక్రానికి సూటిగా నిలబడింది. మిట్టమధ్యాహ్నం. ఒంటి మీద పసుపుపచ్చ చీర. చుట్టూ ఒక చెట్టు లేదు, ఒక నీడ లేదు. గుడ్డివాడికి కూడా కనపడాలి.

జీపు కదిలింది. చూస్తాడు అనుకుంది. ఇప్పుడు చూస్తాడు. అంతదూరం నుంచి దేవుడికి మొక్కుకుంది, నేను ఓడిపోవాలి, నాది పిచ్చి అనుమానమని తేలాలి, ఆయన హారను కొట్టి తిట్టాలి, ఎదురుంగ ఎందుకు నిలబడ్డవు పిచ్చిదానా అని. జీపు దగ్గరికొచ్చింది. అద్దం వెనక ఆయన మొహం స్పష్టంగా కనిపిస్తోంది. ఆయన చూపు కుడిపక్కన, ఆ జాగా చివరన, ఆమె కోసం వెతుకుతోంది. పక్కన రెడ్యా రెండు చేతులతో పిడి పట్టుకుని ఆమె చెయ్యెత్తడం కోసం చూస్తున్నాడు. చెయ్యెత్తాలని తెలుసు. చెయ్యి లేవలేదు. ఇంకొక్క గజం, ఇంకొక్క గజం, చూస్తాడు.

రెడ్యా ఆమె సైగ కోసం ఆగలేదు. ఒళ్ళంతా వెనక్కి వేసి పిడి గుంజాడు. జీపు ఒక్క కుదుపు కుదిపి ఆగింది, ఇంజను చచ్చింది. బంపరు ఆమె మోకాళ్ళకు తగిలి చీర కుచ్చిళ్ళు ఇనుముకు అంటుకున్నాయి. ఆమె రెండు చేతులూ వేడి బానెట్టు మీద ఆనించి నిలబడింది.

"ఎందుకాపినవురా?" అన్నాడు జగపతి రెడ్యాతో. తర్వాత కుడికి చూశాడు, ఇంకా కుడికి తిరిగి వెనక్కి చూశాడు.

"కళావతి ఏదిరా? ఇక్కడ్నే నిలబడ్త అన్నది గదా. ఎటు పోయింది?"

రెడ్యా తల వంచుకున్నాడు. కళావతి బానెట్టు మీద చేతులు తీయకుండానే, ఒక్కొక్క అడుగూ వేస్తూ, జీపు ముందు నుంచి కుడిపక్కకు జరిగింది. నడుమ దాకా వచ్చిందో లేదో ఆయన ఉలిక్కిపడి సీటులో వెనక్కి ఒరిగాడు. ఏమీ లేని చోట మనిషి పుట్టుకొచ్చినట్టు చూశాడు. ఆమె మొహం వంక చూశాడు, బానెట్టు దుమ్ములో ఎడమ చివర నుంచి ఆమె చేతులు గీసుకుంటూ వచ్చిన గీతల వంక మెడ తిప్పి చూశాడు, బంపరు దాకా వంగి చూశాడు.

"అక్కడున్నవా?" అన్నాడు.

"అక్కడ్నే ఉన్న. మీరు బయలెల్లినకాడికెల్లి అక్కడ్నే."

పంపు ఇనుము చల్లారుతూ టిక్కుటిక్కుమంది. జగపతి ఎడమచేయి స్టీరింగు మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, కుడిచేత్తో దాన్ని పట్టుకున్నాడు.

"రెడ్యా," అన్నాడు చివరికి, రెడ్యా వంక చూడకుండా. "మాఘం కాడికెల్లి ఇప్పటిదాంక, ఎందరు నిలబడ్డరురా గట్ల, నా ముంగట?"

రెడ్యా చెప్పాడు. చాందీ పేరు చెప్పాడు, మోరీ చెప్పాడు, కట్టెలు చెప్పాడు. తను సమయానికి జర కుడికి అని ఆపిన రోజులూ చెప్పాడు, అవి చాలానే ఉన్నాయి. జగపతి మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అంతా విన్నాక తాళంచెవి తీసి రెడ్యా చేతిలో పెట్టాడు. దిగి జీపు చుట్టూ నడిచాడు, ఎడమపక్కన సొట్టపడ్డ మడ్‌గార్డు దగ్గర ఆగి, అరచేత్తో దాన్ని తడిమి చూశాడు.

"రేపు గూడూరు పోవాలె. బస్సుల. చాందీ ఇంటికి" అన్నాడు. తర్వాత గొంతు సరిచేసుకుని పెళ్ళాంతో, "ఓసారి ఎక్కి తిప్పి సూడు. ఎంత అల్కగ ఉన్నదో" అన్నాడు.

కళావతి వద్దనలేదు. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, పదిహేడేళ్ళుగా ఆయన కూర్చున్న చోట కూర్చుంది. రెడ్యా చేతిలోంచి తాళం తీసుకుని, షెడ్డు నుంచి పరుగెత్తుకొచ్చిన ఉప్పలయ్య ఇంజను స్టార్టు చేశాడు. ఆమె రెండు వేళ్ళు ఆనించి తిప్పింది. ముందు చక్రాలు రెండూ మట్టిని తొలుచుకుంటూ నెమ్మదిగా తిరిగాయి. రెడ్యా దిగి ఖాళీ చేసిన కుడిపక్క సీటులో జగపతి ఎక్కి కూర్చుని, ముందున్న దారి వంక చూస్తూ, "జర మెల్లగ" అన్నాడు.